ఆ తొంభై వాట్లు ఎక్కడున్నాయి?

పద్దెనిమిదేళ్లుగా హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతున్నాను. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం వస్తుంది, రెండింటినీ గుణిస్తే పవర్ వస్తుంది. ఈ రెండు వాక్యాలూ ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటానో. అవే నన్ను ఒకరోజు కుదురుగా నిలబడనివ్వవని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

మా అన్నయ్యది నరసాపురం అవతల రొయ్యల చెరువు. నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటరు మోటారు ఒక్క పంటలోనే రెండుసార్లు కాలిపోయింది. "మళ్లీ వైండింగ్ చేయించానమ్మా. నువ్వు చెప్పేది ఈ పాఠమే కదా, ఓసారొచ్చి చూడు" అని ఫోన్ చేశాడు. గొంతులో సగం ఎగతాళి ఉంది.

ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. మోటారు తిరుగుతుండగానే ఎలక్ట్రీషియన్ కొలిచి చెబుతుంటే నేను రాసుకున్నాను. కరెంటు మీటరు దగ్గర రెండు వందల ఇరవై ఎనిమిది వోల్టులు. చెరువు గట్టు మీద మోటారు దగ్గర నూట తొంభై ఐదు. వైరులో పారే కరెంటు ఆరు ఆంపియర్లు.

"వోల్టేజీ తగ్గితే మోటారు నెమ్మదిగా తిరగాలి గానీ కాలిపోవడమేంటి?" అన్నాడు అన్నయ్య.

"నీళ్లు చిమ్మే పని తగ్గదు కదా అన్నయ్యా. ఆ పనికి ఎక్కువ కరెంటు లాక్కుంటుంది. దాంతో వేడెక్కిపోతుంది" అన్నాను. దారిలో ముప్పై మూడు వోల్టులు పోతున్నాయని, వైరు సన్నమైందని తేల్చాం. రొయ్యల పట్టుబడి అయ్యాక లావు వైరు వేయిద్దామన్నాడు. సరేనన్నాను. వదిన పెట్టిన టీ తాగి ఇంటికొచ్చేశాను.

మర్నాడు పదో తరగతిలో ఆ అంకెలే బోర్డు మీద వేశాను. ముప్పై మూడుని ఆరుతో భాగిస్తే ఐదున్నర ఓములు. ముప్పై మూడుని ఆరుతో గుణిస్తే నూట తొంభై ఎనిమిది వాట్లు. అదంతా వేడిగా మారుతుందని చెప్పాను. ఆ వైరుకి అసలు ఎంత నిరోధం ఉండాలో కూడా చూద్దామనిపించింది. రెండు వందల మీటర్ల దూరం, వెళ్లే వైరూ వచ్చే వైరూ కలిపి నాలుగు వందలు. ఆ మందం వైరుకి పట్టిక చూసి లెక్క కడితే మూడు ఓములే వచ్చింది.

మరి మిగతా రెండున్నర?

సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వైరు పొడవునా పరుచుకునే వేడి ఎవరినీ ఏమీ చేయదు. కానీ ఆ రెండున్నర ఓములు ఒకేచోట ఉంటే? ఆరుని ఆరుతో గుణించి, మళ్లీ రెండున్నరతో గుణించాను. తొంభై వాట్లు. వెనకటి వంద వాట్ల బల్బు ముట్టుకుంటే చెయ్యి కాలేది. అలాంటిదొకటి ఆ దారిలో ఏదో వదులు అతుకులో టేపు చుట్టుకుని దాక్కుంది. ఆ వైరు వెళ్లేది తాటాకుల పాక మీదుగా. పాకలో మేత బస్తాలుంటాయి, మధ్యాహ్నం పూట వదిన ఉంటుంది.

అన్నయ్యకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. వదిన ఫోన్ స్విచాఫ్. హెడ్మాస్టరు గారి గదికి వెళ్లి సెలవడిగాను.

"ఎవరికన్నా బాగోలేదా మేడమ్?"

"ఇంకా ఏమీ కాలేదండి" అన్నాను. ఆయన నా ముఖంలోకి వింతగా చూసి వెళ్లమన్నారు.

స్కూటీ తీశాను. రైల్వే గేటు పడి ఉంది. ఆగిన బళ్ల మధ్య నిలబడి మళ్లీ మళ్లీ ఫోన్ చేశాను. ఉదయం నుంచీ ముసురు. ఎండ లేకపోతే చెరువులో ప్రాణవాయువు తగ్గుతుంది కాబట్టి ఏరియేటరు ఆపకుండా నడుపుతూ ఉంటారు. వేడి కూడా ఆగకుండా పుడుతూ ఉంటుంది.

తీరా వెళ్లేసరికి అంతా ప్రశాంతంగా ఉంది. వదిన పాకలో కూర్చుని అన్నం తింటోంది. ఒక్క క్షణం నాకే సిగ్గేసింది. అయినా మెయిన్ ఆపమన్నాను.

అన్నయ్య గట్టు మీంచి పరుగున వచ్చాడు. "ఈ ముసురులో ఆపుతారా ఎవరైనా? రొయ్యలు పైకి తేలిపోతాయి. నీ లెక్క కోసం నా పంట పాడుచేస్తావా?"

"లెక్క తప్పయితే నన్ను తిట్టు. పది నిమిషాలు ఆపు చాలు."

"కుదరదు."

వదిన ఎంగిలి చేత్తోనే లేచి, కడుక్కుని, పొడిగుడ్డతో తుడుచుకుని, వెళ్లి మెయిన్ దించేసింది. ఏరియేటరు ఆగింది.

వైరు వెంబడే చూసుకుంటూ వచ్చాం. పాక దూలం దగ్గర, వదిన కూర్చున్న చోటికి సరిగ్గా పైన, ఒక అతుకుంది. టేపు కరిగి కారిపోయింది. పైనున్న తాటాకు నల్లబడింది. అన్నయ్య వేలితో తాకితే పొడిపొడిగా రాలింది.

"పోయినేడు ఎలుకలు కొరికితే నేనే మెలిపెట్టి కలిపాను" అన్నాడు.

ఎలక్ట్రీషియన్ వచ్చి అతుకు విప్పి, పాక బయట గట్టి కనెక్టరు వేసేసరికి ముప్పావుగంట పట్టింది. ఈలోగా అన్నయ్య ఆక్సిజన్ మాత్రలు చల్లుతూ గట్టంతా తిరిగాడు. కొన్ని రొయ్యలు చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. చాలావరకూ నిలబడ్డాయి. మళ్లీ కొలిస్తే మోటారు దగ్గర రెండు వందల పది వోల్టులు చూపించింది.

ఎవరూ మెచ్చుకోలేదు, నేనూ ఎదురుచూడలేదు. అన్నయ్య మాత్రం, "ఈ అంకెలు నిన్నట్నుంచీ నీ దగ్గరే ఉన్నాయి కదమ్మా" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే అన్నాడు. నిజమే. నిన్న సగం లెక్క చేసి, టీ తాగి వచ్చేశాను. ఆ తర్వాత కూడా వదిన అక్కడే నడుం వాల్చి ఉంటుంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి బట్టలైనా మార్చుకోకుండా ఫ్రిజ్జు ప్లగ్గు, గీజరు ప్లగ్గు, నీళ్ల మోటారు స్విచ్చి అన్నీ చేత్తో తాకి చూశాను. మా ఆయన గీజరు వాడి అప్పటికి గంటైనా కాలేదు, దాని ప్లగ్గు వెచ్చగా తగిలింది. ఆయన, "ఎప్పుడూ అలాగే ఉంటుంది" అన్నారు. నేను అప్పటికే ఎలక్ట్రీషియన్ నంబరు నొక్కుతున్నాను.