చిన్నమ్మ డ్యూటీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికీ డ్యూటీ ఉండేది, ఒక్క మా చిన్నమ్మకు తప్ప. బాపుది బొగ్గుబాయిలో డ్యూటీ. అమ్మది పొయ్యి దగ్గర. నాది నల్లా దగ్గర బిందెల కాపలా. బడి కన్నా నల్లా ముఖ్యమైన రోజులవి, అందుకే నాకు బడి అందలేదు. పొద్దున సైరన్ మోగగానే చిన్నమ్మ జడ వేసుకుని, బొట్టు పెట్టుకుని గడపలో నిలబడేది.

"అక్కా, నా డ్యూటీ ఏది?"

"నీకేం డ్యూటీ ఉంటది? ఇంట్ల కూసో" అనేది అమ్మ. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. కమాన్‌పూర్ దగ్గరి ఊళ్లో అమ్మమ్మ చనిపోయాక మా క్వార్టర్‌కు వచ్చింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లుంటాయి. పొట్టి మనిషి, గుండ్రటి మొహం, పైకి వాలిన చిన్న కళ్లు. మాట కొంచెం ముద్దగా వచ్చేది. నవ్వు మాత్రం మా క్వార్టర్ల లైను చివరిదాకా వినబడేది. ఆమెకు ఉన్నదాన్ని ఏమంటారో అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. దవాఖాన కాగితం మీద 'డౌన్ సిండ్రోమ్' అని రాసింది చాలా ఏళ్ల తర్వాత. అప్పట్లో కొందరు "పాపం" అనేవాళ్లు, కొందరు అంతకంటే మోటు మాట అనేవాళ్లు. ఆ మాటలకు భయపడే అమ్మ ఆమెను గడప దాటనిచ్చేది కాదు. చిన్నమ్మ ఆ గడపలోనే కూర్చుని, డ్యూటీకి పోయేవాళ్లనూ వచ్చేవాళ్లనూ చూస్తూ ఉండేది.

ఒకరోజు అమ్మకు చలిజ్వరం వచ్చింది. బాపు ఆ రోజు డబుల్ డ్యూటీ. మొదటి షిఫ్టు అయ్యాక గేటు దగ్గరే తిని మళ్లీ బాయిలోకి దిగాలి. వేరే దారి లేక అమ్మ సద్ది గిన్నె నా చేతికిచ్చింది. నాకు ఏడేళ్లు. చిన్నమ్మ అప్పటికే చెప్పులేసుకుని నిలబడి ఉంది.

"చిన్నమ్మ చెయ్యి ఇడువకు, పైలం" అని అమ్మ నాకే చెప్పింది. ఆ పెద్దరికానికి నేను ఉబ్బిపోయాను.

మేం బాయి గేటు దగ్గరికి చేరగానే సైరన్ మోగింది. మనుషులు గుంపులుగా బయటికి వచ్చారు. తలమీద టోపీ, ఒళ్లంతా బొగ్గు. కళ్లు, పళ్లు తప్ప ఏమీ తెలియడం లేదు. ఇంటికి నల్లగా వచ్చే బాపు ఒక్కడే కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. ఇక్కడ వందమంది బాపులు ఉన్నారు. బాపంత పొడుగున్న ఒకాయన చెయ్యి చాపితే గిన్నె ఇచ్చేశాను. ఆయన చప్పుడు చేయకుండా కూర్చుని మూత తీశాడు. చుట్టూ ఉన్నవాళ్లు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

చిన్నమ్మ నా చెయ్యి విడిపించుకుని పోయి గిన్నె గుంజుకుంది. "ఇది బావది. నువ్వు సైకిలన్నవు. దొంగ!"

నిజంగానే అతను మా వెనక లైనులో ఉండే, ఊరికే సైకిల్ గంట కొట్టే అన్న. ఆమె గిన్నె పట్టుకుని, నల్లా దగ్గర వంగి చేతులు కడుక్కుంటున్న ఒక మనిషి దగ్గరికి నేరుగా పోయింది. వీపు మాత్రమే కనబడుతున్న ఆ మనిషి మా బాపు.

"గుడ్డిగ తగిలిందిరా. పరీక్ష పెడదాం ఆగుండ్రి" అన్నాడు వాళ్లతో పని చేయించే సర్దార్. పన్నెండు మందిని వరుసలో నిలబెట్టాడు. టోపీలు కిందికి లాగి, నోళ్లు మూసుకోమన్నాడు.

"వద్దే కాకా. నలుగుర్ల దాన్ని నవ్వులపాలు జెయ్యకు" అని బాపు బతిమాలాడు. బాపు గొంతులో భయం నేను వినడం అదే మొదలు.

సర్దార్ వినలేదు. "తప్పు చెప్తే ఇగ ఇంట్లనే ఉండాలె. అందర్ని సరిగ్గ చెప్తే ఏం కావాలె, బిడ్డా?"

"డ్యూటీ ఇయ్యి!" అంది చిన్నమ్మ.

వరుస వెంట నడుస్తూ ఒక్కొక్కరి రొమ్ము మీద వేలు పెట్టింది. "నువ్వు పక్కింటన్న. నువ్వు బీడీల కాక. నువ్వు పెండ్లాంతోటి లొల్లి పెడ్తవ్." వరుసంతా కడుపు పట్టుకుని నవ్వింది, ఆ మూడో ఆయన తప్ప. అట్లా పదకొండు మంది అయ్యారు. పన్నెండో మనిషి ముందు ఆగింది. కింది నుంచి పైదాకా చూసింది. చుట్టూ తిరిగి చూసింది. బాపు తల దించుకున్నాడు.

"నువ్వు నాకు తెల్వదు" అంది చిన్నమ్మ. "కొత్తోనివి. అన్నం తిన్నవా?"

నిజమే. అతను ముందురోజే కోస్తా నుంచి వచ్చి పనిలో చేరాడు. వండిపెట్టే దిక్కు లేదు. సర్దార్ కావాలనే అతన్ని చివర నిలబెట్టాడు.

"లేదండీ" అన్నాడతను మెల్లగా.

అప్పుడు లేచిన ఈలలు నాకు ఇప్పటికీ వినబడతాయి. సర్దార్ తన టోపీ తీసి చిన్నమ్మ తలమీద పెట్టాడు. "రేపటిసంది మా అందరి సద్దులు తెచ్చే డ్యూటీ నీదే. టైముకు రావాలె మరి!" చిన్నమ్మ బాపు గిన్నెలో సగం అన్నం ఆ కొత్తాయనకు పెట్టించింది.

దారిలో అడిగాను, ఎట్లా గుర్తుపట్టినవని.

"నువ్వు మొకాలు చూసినవ్. మొకం మీద బొగ్గే ఉంటది" అంది. తర్వాత ఒక్కొక్కరు ఎట్లా నడుస్తారో, ఎట్లా నిలబడతారో ఇంటిదాకా నడిచి చూపించింది. గడప దగ్గరికి రాగానే కాలనీ అంతా వినబడేలా అరిచింది: "అక్కా, నాకు డ్యూటీ దొరికింది!" అమ్మ దుప్పటితోనే లేచి వచ్చి, ఏడుస్తూ నవ్వింది.

బాపు రిటైరై పనిలోంచి దిగిపోయేదాకా చిన్నమ్మ ఆ డ్యూటీ చేసింది. ఒక్క గిన్నె కూడా మారలేదు. బతుకమ్మ ఆటలోనూ ఆ టోపీ పెట్టుకునే ఆడేది. ఏభై దాటేదాకా బతికింది, ఒక్క రోజు కూడా ఉత్తగా కూర్చోలేదు.

నాకు అరవై దాటాక, చదువు నేర్పుతానని మా మనవరాలు నా ముందు వాచకం పెట్టింది. చూస్తే అక్షరాలన్నీ నల్లగా, వరుసగా, ఒక్కలాగే నిలబడి ఉన్నాయి. మూసేద్దామనుకున్నాను. మళ్లీ చూస్తే ఒకటి వీపున మూట మోస్తోంది, ఒకటి కాలు ఈడుస్తోంది. మనవరాలు వాటి పేర్లు చెప్పాక, ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి, నువ్వు తెలుసు, నువ్వూ తెలుసు అనుకుంటూ పోయాను. ఒకదాని దగ్గర ఆగిపోయాను. సిగ్గనిపించలేదు. "నువ్వు నాకు తెల్వదు, కొత్తోనివి" అన్నాను. మనవరాలు పడీ పడీ నవ్వింది.

ఇప్పటికీ తెలియని మాట ఎదురైతే అట్లాగే అంటాను. తెలియని మనిషి ఎదురైతే, అన్నం తిన్నవా అని కూడా అడుగుతాను.