కబడ్డీ మేడం

ఒళ్లంతా తగ్గని నొప్పులు పెట్టే ఫైబ్రోమయాల్జియా జ్యోత్స్నది. పొద్దున్నే మంచం దిగడం కూడా ఆమెకొక సాధనే. ముందు వేళ్లు కదిలిస్తుంది, తరువాత మెడ, ఆ పైన వేడినీళ్ల సంచి ఆనించుకుని నడుం. చేతులెత్తి జడ వేసుకోలేక జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. "రిపోర్టులన్నీ మంచిగనే ఉన్నయంట కదా, ఇంక నొప్పేంది?" అని స్టాఫ్ రూంలో ఎవరో అంటారు. జూలూరుపాడు దగ్గరి ఆ బడిలో ఆమె ఆటల టీచరు. గ్రౌండ్‌లో కుర్చీ వేసుకుని, విజిల్ ఊదుతూ ఆడపిల్లలకు కబడ్డీ నేర్పుతుంది. ఎవరి కూత తెగిందో, ఎవరి అడుగు తడబడిందో కూర్చున్నచోటు నుంచే పట్టేస్తుంది.

మొన్న కొత్తగూడెంలో జిల్లా ఫైనల్ గెలవగానే, పిల్లలంతా ఆమెను భుజాలకెత్తుకోవాలని పరుగెత్తుకొచ్చారు. కెప్టెన్ సాయిప్రియ చేతులు అడ్డం పెట్టింది. "ఆగుండ్రే! మేడంను ముట్టుకుంటేనే నొస్తది." పిల్లలు బిక్కమొహాలతో నిలబడిపోయారు. జ్యోత్స్న మెల్లగా లేచి, సాయిప్రియ చెయ్యి పక్కకు జరిపింది.

"ఎత్తుండ్రే. రోజూ ఉత్తగనే నొస్తది. ఇయ్యాల గెలిచినందుకు నొయ్యనీ."

పంటి బిగువున నొప్పిని ఆపుకుని, తల పైకెత్తి, గ్రౌండంతా ఆమె పిల్లల భుజాల మీదే తిరిగింది.