పునుగు అంటిన చేతులు

ఖిల్లా ఘణపూర్ కోట కింద గొర్రెలున్న ఇళ్లన్నింటిలో ఈదమ్మ చేతికి ఒక పేరుండేది. పిల్ల అడ్డం తిరిగినా, కాలు మడత పడినా ఆమె చెయ్యి పడితే క్షేమంగా బయటికి వచ్చేది. చేతివాసి అనేవారు. ఆ పేరు వల్ల ఆమెకు ఒరిగిందేమిటో ఎవరూ అడగలేదు. కార్తీకం మొదలు పుష్యం దాకా, గొర్రెలు ఈనే కాలమంతా ఆమె దొడ్డి గుంజకు వీపు ఆనించి కూర్చునే కునుకు తీసేది. అలా ముప్పై ఏళ్లు గడిచాయి.

పదేళ్లకు పెళ్లయి ఆ కురుమల ఇంటికి వచ్చింది. భర్త భీమయ్య ఉన్నన్నాళ్లు అతని వెంట నడిచింది. అతను జ్వరంతో పోయాక మందనూ కొడుకు మల్లేశ్‌నూ ఒక్కతే సాకింది. కోడలు అలివేలమ్మ వచ్చి ఆరేళ్లయింది. వంటా, ఉన్ని వడకడమూ, నీళ్లు మోయడమూ అన్నీ కోడలికి వదిలింది గానీ ఈనే గొర్రెను మాత్రం ముట్టనిచ్చేది కాదు. "నీకు తెల్వదు, పక్కకు జరుగు" అనే మాట అలివేలమ్మ రోజుకు పదిసార్లు వినేది. తెలియనిస్తే కదా తెలిసేది!

అవి జర్మనీ లడాయి నడుస్తున్న రోజులు. అంతకుముందు ఏడాది వానల్లేక సగం మంద పోయింది. మల్లేశ్ పొట్టేళ్లనూ పాలు మరిచిన పిల్లలనూ తోలుకుని, మేత కోసం కృష్ణ ఒడ్డుకు, సోమశిల దిక్కు వెళ్లాడు. ఇంటి దగ్గర పాతిక చూలు గొర్రెలు మిగిలాయి. అవి ఈని, పిల్లలు బతికితేనే ఆ ఇంటికి మంద అన్నది ఉంటుంది.

ఒకనాడు తెల్లారగట్ల దొడ్డి చుట్టూ వేసిన తుమ్మకంపలో ఏదో గింజుకుంటుంటే ఈదమ్మ వెళ్లి చూసింది. పునుగుపిల్లి. చారల తోక, సన్న మూతి, వెనక కాలు కంపలో ఇరుక్కుంది. కర్ర ఎత్తింది గానీ, కడుపుతో ఉందేమోనని ఆగింది. ఈనేవాటి మధ్య బతికే మనిషికి ఇంకో ఆలోచన రాదు. రెండు చేతులతో నడుం దగ్గర పట్టుకుని మెల్లగా విడిపించింది. అది బెదిరి, తోక కింద దాచుకున్న పునుగు జిడ్డంతా ఆమె చేతుల్లో వదిలి పరుగెత్తింది.

పునుగును దేవుడికి పూస్తారని, గొప్పవాళ్లు కూడా పూసుకుంటారని ఈదమ్మ విన్నది. ఆ గొప్పతనం ఏమిటో ఆమెకు అంతుపట్టలేదు. వాసన ముక్కులోంచి నెత్తికెక్కి అక్కడే గుడిసె వేసుకుంది. కాస్త బూడిదతో చేతులు తోముకుని పనిలో పడింది.

పొద్దెక్కాక ఎర్రమచ్చల గొర్రె ఈనింది. ఈదమ్మ ఎప్పటిలాగే పిల్లను రెండు చేతుల్లోకి తీసుకుని, ముక్కూ మూతీ తుడిచి తల్లి ముందు పెట్టింది. గొర్రె వాసన చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది. పిల్ల పొదుగు కోసం లేవబోతే తలతో ఒక్క కుమ్ము కుమ్మింది.

"అత్తా, పిల్లను నూకేస్తుంది చూడు" అంది అలివేలమ్మ.

"జరసేపు గట్లనే చేస్తది. నీకు తెల్వదు."

అది మూడో ఈత గొర్రె. అలా చేయదని ఈదమ్మకు తెలుసు. మాపటికి ఇంకో గొర్రె కూడా తన పిల్లను అలాగే తోసేసింది. అప్పుడు ఆమె అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుంది. గొర్రె తన పిల్లను పోల్చుకునేది కంటితో కాదు, ముక్కుతో. ముప్పై ఏళ్లుగా ఆ సంగతి ఊరందరికీ చెప్పినది తనే. ఆ రెండు పిల్లలకూ తల్లి వాసన చెరిపి పిల్లి వాసన పూసింది కూడా తనే.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పటి నుంచి మొదలైంది కడగడం. చింతపండు రుద్దింది. కుంకుళ్లు నలిపింది. చాకలి ఇంటి నుంచి చవుడుమన్ను అడిగి తెచ్చి చర్మం పగిలేలా తోమింది. వేపాకు నూరి కట్టుకుంది, మజ్జిగలో చేతులు నానబెట్టింది. ఆరేదాకా బాగానే ఉండేది. ఆరాక వాసన నింపాదిగా తిరిగి వచ్చేది. గొర్రెలు తోసేసిన పిల్లలకు మేకపాలలో గుడ్డ ముంచి చప్పరించడానికి ఇచ్చింది. రెండోది ఎలాగో నిలదొక్కుకుంది గానీ, రెండోనాటి పొద్దున ఎర్రమచ్చల గొర్రె పిల్ల లేవలేదు. ఈదమ్మ ఎన్నో పిల్లల చావు చూసింది గానీ, తన చేతుల వల్ల చచ్చింది అదొక్కటే. ఆ రోజు ఆమెకు ముద్ద దిగలేదు. తినడానికి చెయ్యి నోటి దగ్గరికి తెచ్చినా అదే కంపు.

పక్కింటి మహమూదా పెట్టె అడుగున దాచిన సబ్బు ముక్క తెచ్చి ఇచ్చింది. లడాయి వచ్చిన తర్వాత సబ్బు కంటపడటమే గగనం.

"వనపర్తి నుంచి మా ఆయన తెచ్చిండు అక్కా. అరిగిపోతదని నేనే వాడలే. రుద్దుకో" అంది.

ఈదమ్మ మొహమాటంగానే రుద్దుకుంది. ఇప్పుడు ఆమె చేతులు పునుగూ పూలూ కలిపి వాసన కొట్టసాగాయి. దగ్గరికి వెళ్తే ఒక గొర్రె వాసన చూసి, తుమ్మి, అవతలికి పోయింది. మహమూదా నవ్వింది. ఈదమ్మకు నవ్వే ఓపిక కూడా లేకపోయింది.

నాలుగో రోజు మధ్యాహ్నం నల్లచెవుల గొర్రె నొప్పులు పడసాగింది. ఎంత ముక్కినా పిల్ల రావడం లేదు. ఈదమ్మ అలవాటు చొప్పున మోకాళ్ల మీద కూర్చుంది, చెయ్యి చాచింది, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"అలివేలూ, జల్దిన రా. చేతులు కడుక్కొని రా. గోర్లున్నయా?"

"లెవ్వత్తా."

"వేళ్లు దగ్గరికి పెట్టి మెల్లగ పోనియ్. ఏం తగులుతుంది?"

"మూతి తగులుతుంది. ఒక కాలున్నది. రెండోది దొరుకుతలేదు."

"ఉంటది, యాడికి పోతది. పిల్లను జర వెనక్కి నూకు. మోకాలు వంచి, గిట్టను నీ చేతిల మూసుకొని ముందుకు తే. గిట్ట గొర్రె కడుపుకు తగలొద్దు. అది ముక్కితే గుంజు, అది ఆగితే నువ్వు ఆగు."

గొర్రె రెండుసార్లు ముక్కింది. పిల్ల జారి అలివేలమ్మ ఒళ్లో పడింది. తల్లి ముందు పెట్టగానే గొర్రె వాసన చూసి, గుర్రుమని గొంతులో పలికి, నాకడం మొదలుపెట్టింది. అలివేలమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఈదమ్మకు సంతోషమైంది. అబద్ధమెందుకు, కొంచెం కడుపు మండింది కూడా.

ఆ రోజు మొదలు దొడ్డి లోపల కోడలు, కంప బయట అత్త. "ఎడమకు జరుపు", "బొడ్డు తెంపినవా?", "ముర్రుపాలు తాగిందా?" అని ఈదమ్మ అరుస్తూనే ఉంది. నాలుగు రోజులు తిరిగేసరికి ఆమె అరవకముందే ఆ పనులన్నీ అయిపోతున్నాయి. పదకొండు గొర్రెలు ఈనాయి, పదకొండూ పిల్లలను చేర్చుకున్నాయి. ఈదమ్మ గొంగడి కప్పుకుని అక్కడే కూర్చునేది. చూస్తూ కూర్చోవడం చేసేదానికన్నా అలసట అని ఆమెకు అప్పుడే తెలిసింది. ఒళ్లంతా ముప్పై ఏళ్ల నిద్ర అడుగుతోంది. అయినా నిలబడి పనిచేసే కోడలి ఎదుట పడుకోవడానికి మనసొప్పలేదు.

తొమ్మిదో రోజు అలివేలమ్మ నీళ్లకు వెళ్లింది. ఈదమ్మ చేతులు వాసన చూసుకుంది. ఏమీ లేదు. నమ్మకం లేక దొడ్డిలోకి వెళ్లి, పొద్దున పుట్టిన పిల్లను ఎత్తుకుని ఒళ్లంతా నిమిరి దించింది. తల్లి గొర్రె వచ్చి పిల్లను ఆ చివర నుంచి ఈ చివర దాకా వాసన చూసి, కాళ్లు ఎడం చేసి పాలిచ్చింది.

ఇంకా పన్నెండు గొర్రెలు ఈనాలి. ఈదమ్మ వాటిని ఒక్కొక్కటిగా చూసింది. ఎన్నడూ లేనిది, మోకాళ్లు వద్దని చెబుతున్నాయి.

అలివేలమ్మ నీళ్ల కుండ దించి దొడ్డి దగ్గరికి వచ్చింది. నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"పోయిందా అత్తా వాసన?"

ఈదమ్మ నోరు తెరిచింది. పోయిందనే చెప్పాలనుకుంది.

"యాడ పోయింది. ఇంకా ఉన్నది" అంది, కోడలి మొహం వైపు చూడకుండా.

అలివేలమ్మ దగ్గరికి వచ్చి కూర్చుంది. అత్త కుడిచెయ్యి పట్టుకుని, అరచెయ్యి తన ముక్కు దగ్గర చాలాసేపు ఉంచుకుంది. పగుళ్లు, కాయలు తప్ప అందులో ఏమీ లేదు.

"అవునత్తా, ఇంకా ఉన్నది. ఈ యేడు పోయేటట్టు లేదు" అంది అలివేలమ్మ. "లోపలికి పోయి పండుకో."

పొద్దు ఇంకా నడినెత్తిన ఉంది. ఈదమ్మ లేచి, ఇంట్లోకి వెళ్లి, చాప పరుచుకుని పడుకుంది.