తమ్ముని ట్యాంకు మీద ఖాళీ జాగ

మన మాజీ సిపాయిల సంఘం పుస్తకం చదివే అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్లకు నమస్కారం. అందరు బాగున్నరా? కొత్తగూడెం సుబేదారన్నకు కండ్ల ఆపరేషను అయిందని విన్న, చూపు ఆనుతుందా? మోకాలు అరిగిన హవల్దారన్న మెట్లు ఎక్కుతుండా? ఆయన ఇంటామెకు షుగరు తగ్గిందా? పెన్షను మీద ఒంటిగ బతికే చెల్లెండ్లు యాళ్లకింత అన్నం తింటున్నరా? చలి గట్టిగుంది, చిన్నపిల్లల చెవులకు గుడ్డ కట్టున్రి. నా సంగతి అడిగితె, బీపీ గోళీలు ఏసుకుంటున్న, తిరుగుతున్న. నా తమ్ముడే లేడు.

పోయిన నెల పొద్దుగాల చాయ్ తాగి, "చక్కెర తక్కువేసినవ్ అక్కా" అని గ్లాసు కింద పెట్టిండు. మళ్ల లేవలే. భద్రాచలం దవాఖానకు తీస్కపోయేసరికే అయిపోయిందన్నరు. యుద్ధంల పోతడేమో అని భయపడ్డ, బస్సుల మీద భయపడ్డ, అడివి బాటల పాము కరుస్తదేమో అని భయపడ్డ. చాయ్ మీద భయపడాల్నని నాకు తట్టలే.

మీకు ఆయన ట్యాంకుల పటాలంల పనిచేసిన మనిషి. మిలిటరీల నుంచి వచ్చినంక మా దుమ్ముగూడెంల నా దగ్గరనే ఉన్నడు. మరదలు కాన్పుల పోయింది, మళ్ల పెండ్లి చేసుకోలే. పొద్దంత ముందటి అరుగు మీద చాప పరుచుకొని చిన్న చిన్న మిలిటరీ బండ్లు చేసేటోడు. జీపులు, లారీలు, ట్యాంకులు, ఒక్కొక్కటి అరచేతి కంటె జరంత పెద్దగ. హైదరాబాదు నుంచి ప్లాస్టిక్ ముక్కల పెట్టె తెప్పిచ్చుకునేటోడు. ఆ పెట్టెల బండి మీద అతికిచ్చే అంకెలు, గుర్తులు గూడ వస్తయి, నీళ్లల్ల నానబెడితె కాయితం నుంచి ఊడొస్తయి. అవి ఏ దేశపు పటాలానియో ఏమో. తమ్ముడు వాటిని ముట్టేటోడు గాదు.

"పక్కింటోళ్ల ఇంటిపేరు మనం పెట్టుకుంటమా అక్కా?" అనేటోడు.

మన బండి నంబరు, మన పటాలం గుర్తు సన్నకుంచెతోని తనే రాసేటోడు. రాసేటప్పుడు ఊపిరి బిగబట్టేటోడు. నాకేమో భయం. "ఊపిరి తీస్కోరా!" అని అరిస్తె అంకె వంకర పోయేది. కోపం చేసేటోడు గాదు, తుడిచి మళ్ల మొదలువెట్టేటోడు. మిలిటరీ బండి నంబరుకు ముందల పైకి చూసే బాణం ఉంటది. అది ఎందుకురా అని అడిగితె, "బండి బోర్ల పడ్డదనుకో, ఏది పైనో తెల్వాలె గదా" అన్నడు. నిజం చెప్పిండో ఎకసెక్కం చేసిండో ఇప్పటికీ నాకు తెల్వదు.

యుద్ధంల ట్యాంకుకు ఉన్న ఇనుము సాలదంట. సిపాయిలు ఇంకింత ఇనుము మీద కట్టుకుంటరంట. చక్రాల చుట్టు తిరిగే చైను ఉంటది గదా, దాని స్పేరు ముక్కలు పక్కలకు వరసగ తగిలిస్తరు. చైను తెగితె అతుకేసుకోవచ్చు, గుండు వస్తె అడ్డం పడుతయి. అవి చిన్నగ చేసేటందుకు తమ్మునికి పలచటి రేకు కావాలె. నా గోళీల రేకులు దాసిపెట్టుమనేటోడు. మడత మీద మడత పెట్టి, అచ్చం ఇనుము లెక్కనే చేసేటోడు.

"రెండు గోళీలు ఎక్కువేస్కో అక్కా, ఎడమ పక్క ఇంకా మిగిలింది."

"నీ ట్యాంకు కోసం నా పానం తీస్తవారా?"

"నీ రంది, నీ భయం అంత నా ట్యాంకుకు కవచమే. వట్టిగ పోనియ్య."

అప్పట్ల మా అడివి బాటల మీద తనిఖీలు ఎక్కువ. ఇంట్ల మిలిటరీ బండ్లు పెట్టుకుంటె ఇటు పోలీసోళ్లు ఏమంటరో, అటు అడివిల అన్నలు ఏమంటరో అని నాకు నిద్ర పట్టకపోయేది. ఒకసారి, చేస్తున్న ట్యాంకు పాత దోస్తుకు చూపిస్తనంటె భద్రాచలం పోతుంటె, బస్సు ఆపిండ్రు. పోలీసు పిలగాడు తమ్ముని ఒళ్లె ఉన్న పెట్టె తెరిచిండు.

"ఏంది పెద్దాయనా, బొమ్మా?"

"బొమ్మ గాదు. ట్యాంకు."

"లైసెన్సు ఉందా మరి?" అని నవ్విండు.

నేను తమ్ముని మోచెయ్యి గిల్లిన. "బొమ్మనే సారూ, మనుమల కోసం చేసిండు" అన్న.

"మా అక్క భయానికి అట్ల అంటుంది సారూ. మాకు మనుమలు లేరు. నంబరు చూడున్రి, నేను కూసున్న బండి ఇది."

బస్సుల అందరు నవ్విండ్రు. ఆ పిలగాడు నవ్వలే. ఒంగి నంబరు చదివిండు, రెండు చేతుల పట్టుకొని పెట్టెల పెట్టిండు. బస్సు కదిలినంక నేను తిట్టుడు మొదలువెట్టిన.

"బొమ్మ అంటె నీదేం పోయేరా?"

"నాదేం పోదు. దాన్ని నడిపిచ్చి పోయినోడు ఒకడున్నడు గదా అక్కా" అన్నడు.

ఆ పోయినాయన వాళ్ల ట్యాంకు డ్రైవరు. జూలూరుపాడు మనిషి. పాకిస్తాన్ యుద్ధంల ఒకనాడు పగటిపూట వీళ్ల ట్యాంకు చైను తెగి పొలం నడుమ ఆగిపోయింది. డ్రైవరు కిందికి దిగిండు. ఎడమ పక్క వరసల నుంచి ఒక స్పేరు ముక్క ఊడదీసి, చైనుకు అతుకేసిండు. బండి కదిలింది. మళ్ల ఎక్కబోతుంటె ఆయనకు గుండు తగిలింది. లోపల ఉన్న నా తమ్ముడు, మిగిలినోళ్లు ఇంటికి వచ్చిండ్రు. ఆయన రాలే.

ఆయన భార్యను తమ్ముడు చెల్లె అని పిలిచేటోడు. నౌకరి అయిపోయి ఊరికి వచ్చినంక చూడబోయిండు. ఆమె అడిగిందంట: "మిలిటరీ నుంచి వచ్చిన తారుల యుద్ధంల పోయిండని ఉందన్నా. ఏం చేస్తుంటె పోయిండు? ఎక్కడ నిలబడ్డడు?" తమ్ముడు నోరు తెరిచిండు గానీ మాట రాలేదంట. "చేసి చూపిస్త చెల్లె" అని లేచొచ్చిండు.

ఆ ఒక్క ట్యాంకు చేసుడు ఏండ్ల పని అయింది. మిగిలినయి జల్దీ అయ్యేటివి. దీనికి మాత్రం పటాలం గుర్తు ముందట కుడి పక్కనా, ఎడమ పక్కనా అనేది యాదికి రాలే. అందాజ మీద ఏసేటోడు గాదు. గుడ్డ కప్పి పక్కకు పెట్టిండు. పాత దోస్తులను అడుగుకుంట కూసున్నడు. "ఎటు ఏస్తె ఏందిరా, ఆమెకేం తెలుస్తది?" అన్న నేను.

"ఆమెకు తెల్వదు. తెల్వదు కాబట్టే సరిగ్గ ఉండాలె" అన్నడు.

ఆఖరుకు మద్రాసు దిక్కు దోస్తు ఒకాయన చెప్పిండు. ఆ గుర్తు ఏసిన నాడు తమ్ముడు రెండుసార్లు అన్నం పెట్టిచ్చుకున్నడు. చక్రాలకు మా గోదారి ఒడ్డు మట్టి గాదు, అక్కడి మట్టి రంగు కలిపి పూసిండు. ఎడమ పక్క చైను ముక్కల వరసల మాత్రం ఒక జాగ ఖాళీగ ఉంచిండు. ఆ పగటిపూట బండి ఎట్ల ఉండెనో అట్లనే.

ఇగ నేను ఇది ఎందుకు రాస్తున్ననో చెప్త. జ్ఞాపకార్థ ప్రార్థన నాడు మన సంఘం ప్రెసిడెంటు ఇంటికొచ్చిండు, ఆయనను గూడ తమ్ముడూ అనే పిలుస్త. మంచి మనిషి, అన్న పోయిండని ఏడ్చిండు. భోజనాలైనంక ట్యాంకు పట్టుకొని అటు ఇటు తిప్పిండు.

"అక్కా, దీన్ని మన హాల్ల గాజు పెట్టెల పెడదాం. జెండా పండుగకు పెద్దాఫీసరు వస్తుండు."

"సంతోషం తమ్ముడూ."

"జరంత రిపేరు చేపిద్దాం. ఎడమ పక్క ఒక ముక్క ఊడింది. మట్టి మరకలున్నయి. కొత్త రంగు కొట్టిచ్చి, ముందట జెండా గూడ ఏపిద్దాం."

"ఊడలే తమ్ముడూ. ఊడదీసింది అది."

"మనకెరుక అక్కా. ఆఫీసరు సారుకేం ఎరుక? పని సగంల ఆపిండనుకుంటడు."

"అనుకోనీ."

"సంఘం మాట కాదంటవా? మిలిటరీ సంగతి నీకేం తెల్సక్కా?"

నా సంగతి మీకెరుక. ఎవలన్న గట్టిగ మాట్లాడితె నేను వంటింట్లకు పోత. ఆనాడు పోలే. ఆయన చేతుల నుంచి ట్యాంకు తీస్కున్న. "మిలిటరీ సంగతి నాకు తెల్వదు. నా తమ్ముడు ఎందుకు ఖాళీ ఉంచిండో తెల్సు" అన్న.

ప్రెసిడెంటు తమ్ముడూ, ఈ పుస్తకం అచ్చేపిచ్చేది నువ్వే. ఇది అచ్చేస్తవో, చింపేస్తవో నీ ఇష్టం. మనుషులను పంపినా, సంఘం తీర్మానం చేసినా, ఆ ట్యాంకు మీద ఒక్క గీత మార్చనియ్య. ఆ బాణం మీద కుంచె పెట్టనియ్య. ఆ మట్టి తుడవనియ్య. జెండా అంటె నాకు గౌరవమే, మా తమ్ముడు దాని కిందనే బతికిండు. ఆనాడు ఆ బండి మీద జెండా లేదు, ఒక మనిషి పెట్టిన అతుకు ఉంది. ఆ ఖాళీ నింపితె ఆ మనిషి బండి దిగనే లేదని అయితది. అది నేను కానియ్య.

నిజానికి ఆ ట్యాంకు నాది గాదు, సంఘానిది గాదు. జూలూరుపాడు చెల్లెది. ఆమె చూసినంక హాల్ల పెట్టుమంటె పెడదాం, ఉన్నది ఉన్నట్టు. ఇంట్లనే ఉంచుకుంటనంటె గాజు పెట్టె ఖాళీగ ఉంటది, ఉండనీ.

చనిపోయే ముందటి వారమే తమ్ముడు ఆమెకు కబురు చేసిండు, వస్తున్న అని. ఆదివారం బస్సుల జనం ఎక్కువ, పెట్టె నలుగుతదని సోమవారం పెట్టిండు. ఆ రోజు నేను మార్చలే. నా జన్మల ఒంటిగ కొత్తగూడెం దాటి పోలే. బస్సు ఎగిరేస్తె గోళీల రేకులు ఊడుతయేమో, తనిఖీల ఎవలన్న కింద పడేస్తరేమో, ఆమె ముందట నాకు గూడ మాట రాదేమో, అన్నీ భయాలే. అన్ని భయాలు ఒళ్లె పెట్టుకొనే పోత. ఎవలన్న పెట్టె తెరిచి బొమ్మా అని అడిగితె, గాదు అని చెప్త.

నిన్న పాత పట్టుచీర ముక్కల దాన్ని చుట్టంగ, ఆ ఖాళీ జాగల వేలు పెట్టి చూసిన. ఆడమనిషి వేలు కొస సరిగ్గ పడుతది. అక్కడ ఆయన చెయ్యి పెట్టిండు చెల్లె అని ఆమె వేలు పట్టుకొని అక్కడ పెడత. ఇంకేం చెప్పనవసరం లేదు.

వచ్చే ఫిబ్రవరి మొదటి సోమవారం, భద్రాచలం నుంచి జూలూరుపాడు మీదుగ ఖమ్మం పోయే పొద్దటి బస్సు.