పాపాతి నడుమెత్తు గట్టు

ఆడి నెలలో, అంటే అరవల ఆషాఢంలో, మా వైపు ఎవరూ కొత్త పని మొదలుపెట్టరు. పునాది తీయరు, పెళ్ళి మాట ఎత్తరు, బండి చేతులు మార్చరు. గుడియాత్తంలో సిమెంటు అంగడి పెట్టుకున్న నాలాంటివాడు ఆ నెలంతా ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి. ఆడి వస్తోందంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ ఏడు మాత్రం దాన్ని తిట్టలేదు, రాజమాణిక్యం మేస్త్రి కోసం.

మేస్త్రి బండిని ధనపాల్ కొంటానన్నాడు. దోసెల బండి పెట్టుకోవాలని అతని ఆశ. బేరం కుదిరేసరికి ఆని నెల అయిపోవచ్చింది. "ఆడిలో వద్దన్నా, ఆవణి పుట్టినాక వచ్చి తోలుకోని పోతా" అన్నాడు. అట్లా మేస్త్రికి ఆ బండిలో ఇంకో నెల దక్కింది.

అది ఒకప్పుడు బడిపిల్లల వ్యాను. పాతబడ్డాక మేస్త్రి కొని, సీట్లు పీకేసి, సెంట్రింగ్ పలకలతో మంచం, అలమర చేసుకున్నాడు. వెనకవైపు కడప బండతో వంటగట్టు కట్టాడు. కూతురు సుగంతికి పెళ్ళయి గుడియాత్తంలో కాపురం పెట్టాక, మొగుడూ పెళ్ళామూ ఆ బండిలోనే బతికారు. కాట్పాడిలో పనుంటే కాట్పాడి, హోసూరులో పనుంటే హోసూరు. పిల్లి పిల్లల్ని తిప్పినట్టు ఆయన ఆమెను ఊరూరా తిప్పాడు. ఆయన గోడ కడితే పాపాతి వదిన ఇసుకా సిమెంటూ కలిపిన కలవం మోసేది, చీర మీద మగచొక్కా తొడుక్కొని. మనిషి పొట్టి. బండి మెట్టు ఎత్తు. దిగేటప్పుడల్లా ఆయన ముందు దిగి చెయ్యి అందించేవాడు. నా అంగడి ముందు ఆ చెయ్యి అందించడం చూసి నేను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో.

"చక్రాల ఇల్లు బాగుండాది వదినా" అంటే మాత్రం ఆమెకు కోపం వచ్చేది.

"ఇల్లంటే పాలు పొంగించాల. దీంట్లో పొంగించినామా? ఇది బండి నాయనా. మా ఇల్లు కట్టుకున్నాక నిన్ను పిలుస్తా, వచ్చి పాలు తాగి పో" అనేది.

అందరికీ ఇళ్ళు కట్టినవాడికి తన ఇల్లు కట్టుకునే తీరిక దొరకలేదు. పోయిన ఏడు కామెర్లు వచ్చి ఆమె పోయింది. ఈ ఏడు ఆయనకు చూపు మందగించింది. మసక పడితే బండి తోలలేడు. సుగంతి తన ఇంటి వెనక ఒక గది వేయించి, "ఇంక చాలు నాయనా, వచ్చేయ్" అంది. అందుకే అమ్మకం.

ఆడి పుట్టగానే ఆయన బండి తీసి బయలుదేరాడు. పనులు లేని నెలలో ఎక్కడికని అడిగితే, "పాపాతిని పిలుచుకోని రావాల శేషాద్రీ" అన్నాడు. మతి చలించిందేమోనని భయపడ్డాను. కాదు. వాళ్ళ ఇంట్లో ఒక వాడుక ఉంది. ఇల్లు మారేటప్పుడు పోయినవాళ్ళను అక్కడే వదిలి రారు. పొయ్యి పక్కన దీపం వెలిగించి, పేరు పెట్టి "రా, పోదాం" అని పిలుస్తారు. ఆ దీపాన్ని కొత్త ఇంటికి తీసుకుపోతారు. పిలవడం మాత్రం పాలు పొంగిన ఇంట్లో నుంచే. పాలు పొంగని చోట మనిషి నిలవదని వాళ్ళ నమ్మకం.

"బండిలో పొంగలేదు గదా. ఆమె యాడుంటాది చెప్పు. మేము కట్టిన ఇండ్లలోనే ఉంటాది. గట్టు కాడ" అన్నాడు.

ఈ గట్టు సంగతి నాకు తెలుసు. ఏ ఇంట్లోనూ ఆయన వంటగట్టును టేపుతో కొలవలేదు. పాపాతిని గోడ పక్కన నిలబెట్టి, ఆమె నడుము దగ్గర బొగ్గుతో గీత గీసేవాడు. అదే ఎత్తు. వేలూరు చుట్టుపక్కల పొడుగాటి ఇల్లాళ్ళు ఎందరో ఆమె నడుమెత్తుకు వంగి వంట చేసి నడుము నొప్పి తెచ్చుకున్నారు. వాళ్ళంతా వచ్చి సణిగేది నా దగ్గర, గట్టు నేనే అమ్మినట్టు. అయినా మేస్త్రి మారలేదు. కొత్తింట్లో పాలు పొంగిన రోజు మొదటి గ్లాసు పాపాతికే ఇవ్వాలని ఇంటివాళ్ళతో ముందే చెప్పేవాడు. అందుకని ఆ ఇళ్ళలో ఎక్కడో ఒకచోట ఆమె ఉంటుందని ఆయన లెక్క.

"పిలవకుండా నేను గుడియాత్తంలో పండుకుంటే, ఆమె నన్ను యాడని వెతుకుతాది?" అన్నాడు.

ఊరు మారినప్పుడల్లా ఫోన్ చేసేవాడు. కాట్పాడి ఇంట్లో కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు గేటు తీయకుండానే "ఇప్పో వేలై ఇల్లైంగ" అని, ఇప్పుడు పనేమీ లేదని, అరవంలో చెప్పేశారు. పని కోసం వచ్చాడనుకున్నారు పాపం, ఆడి నెలలో. ఆర్కాడులో ఇల్లు లేదు. దాన్ని కూలగొట్టి ఎవరో అంగళ్ళు కట్టారు. సత్తువాచారిలో ఇల్లాలు లోపలికి పిలిచింది, కాఫీ ఇచ్చింది. గట్టు మీద నల్లరాయి నిగనిగలాడుతోంది, బాగా ఎత్తున. "పాతది మరీ కిందికి ఉంటే పగలగొట్టించినామప్పా" అని మామూలుగా చెప్పింది. ఆయన కాఫీ తాగి, గ్లాసు కడిగి పెట్టి వచ్చేశాడు.

"అన్నం తిన్నావా అన్నా?" అని అడిగేవాణ్ణి.

"తిన్నా. పెరుగన్నం. ఒకడికి పొయ్యి ఎందుకులే."

పాలారు వంతెన కింద చెట్టు నీడన బండి ఆపుకొని, ఎదురుగా మేకుకు తగిలించిన ఆమె చొక్కాను చూస్తూ తింటాడట. అది ఆయన చెప్పలేదు, సుగంతి చెప్పింది. ఒకసారి కూతురు బస్సులో వెళ్ళి రమ్మని బతిమాలితే, మీ అమ్మ దొరికినాక వస్తానని పంపించేశాడు. ఫోన్లో అటువైపు లారీల చప్పుడే వినిపించేది. మనిషి పక్కన మనిషి లేకపోవడం ఎంత పాడు సంగతో.

చివరికి వేలూరులో, కోట వెనక ఒక ఇంట్లో, పాత గట్టు అట్లాగే ఉంది. ఆ ఇంటి మీనమ్మ కూడా పొట్టిదే. విషయం విని, "దానికేమప్పా, వెలిగించుకో" అని నూనె కూడా ఆమే పోసింది. మేస్త్రి దీపం పెట్టాడు. గట్టు మీద చెయ్యి వేసి పిలిచాడు. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేశాడు.

"రాలేదు శేషాద్రీ. గట్టు ఆమెదే. వాసన ఆమెది కాదు. అది వాళ్ళ ఇల్లు నాయనా. నేనే పరాయోణ్ణి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆమె మీద కాదు, ఆయన మీదా కాదు, ఎవరి మీదో తెలియదు. "చంకలో పిల్లను పెట్టుకోని ఊరంతా వెతికినట్టుండాది నీ కథ. ఆమె వండింది యాడ? పండుకునింది యాడ? ఆ బండిలోనే పాలు పొంగించి పిలువు" అన్నాను.

ఆయన మెల్లగా అన్నాడు.

"పొంగిస్తే ఇదే నీ ఇల్లు పాపాతీ అని చెప్పినట్టు గదా. సొంతిల్లు కట్టిస్తానని చెప్పినోణ్ణి. ఏ మొగం పెట్టుకోని పొంగించేది?"

ఆవణి మొదటి రోజు పొద్దున బండి నా అంగడి ముందుకు వచ్చి ఆగింది. సుగంతి వచ్చింది. ధనపాల్ టేపు పట్టుకొని వచ్చాడు. తాటిచెట్టంత మనిషి, తల వంచుకొని లోపలికి ఎక్కాడు. అటూ ఇటూ కొలిచి గట్టు దగ్గర ఆగాడు.

"ముందర దీన్ని పీకేయాలన్నా. దీని ముందర నిలబడి దోసెలు పోస్తే సాయంత్రానికి నా నడుము ఉండదు."

మేస్త్రి గట్టు మీద అరచెయ్యి పెట్టాడు. అంచు అరిగి నున్నగా ఉంది. పక్కన రేకు మీద బొగ్గు గీత ఇంకా కనిపిస్తోంది. ఇన్ని ఊళ్ళు తిరిగినా ఎక్కడా కనబడని గీత అది. ఆయన దాన్ని దగ్గరగా వంగి, మసక కళ్ళతో చూశాడు.

"పీకుదువులేప్పా. కొంచెం ఆగు" అన్నాడు. నా వైపు తిరిగి, "శేషాద్రీ, పాలు తెచ్చి పెట్టు నాయనా" అన్నాడు.

పక్కంగడికి పరుగెత్తాను. నా వయసుకు అది పరుగే. తిరిగి వచ్చేసరికి సుగంతి గిన్నెకు పసుపు కొమ్ము కడుతోంది. మేస్త్రి పొయ్యి వెలిగించి, ఆ పొట్టి గట్టు ముందు నడుము వంచి నిలబడ్డాడు. పాలు లేచాయి. ఆయన మంట తగ్గించలేదు. నురుగు గిన్నె అంచు దాటి, కడప బండ మీద పారి, కిందికి కారింది.

"ఇదే కట్టగలిగినా పాపాతీ" అన్నాడు. "ఇదే మన ఇల్లు."

మొదటి గ్లాసు పోసి గట్టు మీదనే పెట్టాడు. రెండోది నాకిచ్చాడు. ఇల్లు కట్టుకున్నాక వచ్చి పాలు తాగి పొమ్మని వదిన పిలుస్తానన్నది గుర్తొచ్చింది. ఏడుస్తూనే తాగాను, సిగ్గుపడలేదు.

తర్వాత ఆయన పొయ్యి పక్కన దీపం వెలిగించాడు. మేకు మీది చొక్కా తీసి భుజాన వేసుకున్నాడు.

"పాపాతీ, రా, పోదాం."

దీపం ఎడమచేత్తో పట్టుకొని ముందు తాను దిగాడు. దిగి వెనక్కి తిరిగాడు. ఆ ఎత్తు మెట్టు వైపు కుడిచెయ్యి చాపి అట్లాగే నిలబడ్డాడు. లోపల వాకిలికి అడ్డంగా ఉన్న ధనపాల్ పక్కకు జరిగి దారి ఇచ్చాడు.