నాలుగేళ్ల ముందు టైరు

కరోనా రావడానికి ముందు సంవత్సరం జూన్‌లో మా టైర్ల కంపెనీ నన్ను తమిళనాడులోని తిరువళ్లూరు ప్రాంతానికి టెక్నికల్ సర్వీస్ ఇంజనీరుగా వేసింది. పేరు పెద్దది, పని చిన్నది. డీలర్ల దగ్గరికి తిరిగొచ్చిన టైర్లను చూసి తప్పు ఫ్యాక్టరీదా, రోడ్డుదా, బండి నడిపిన మనిషిదా అని తేల్చి రాయాలి. పదీ ఇరవై బళ్లున్న సంస్థలు అడిగితే ఏ టైరు వేసుకోవాలో సలహా చెప్పాలి. మింజూరు నుంచి తిరుత్తణి దాకా నా హద్దు. మా అమ్మ పుట్టిల్లు కే.జీ.కండిగై కాబట్టి అక్కడి తెలుగు నాకు కొత్త కాదు. రిటైర్మెంటుకు ఐదేళ్లుంది. ఎక్కడికి వేసినా సరేనని వెళ్లే వయసు.

మోటారు సైకిలు టైరు గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటి ముందే చెప్పాలి. రబ్బరు మెత్తగా ఉంటే రోడ్డును బాగా పట్టుకుంటుంది, కానీ తొందరగా అరిగిపోతుంది. గట్టిగా ఉంటే ఏళ్ల తరబడి అరగదు, కానీ తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. పాము చావాలి, కర్ర విరగకూడదు అనే ఖాతాదారుకు రెండూ పూర్తిగా దొరకవని చెప్పి ఒప్పించడమే మా ఉద్యోగంలో కష్టమైన భాగం. వెనక చక్రం జారితే బండి ఊగుతుంది, ముందు చక్రం జారితే మనిషి పడతాడు అని మాలో ఒక మాట ఉంది. దాన్ని నేను శిక్షణ తరగతుల్లో ఎన్నోసార్లు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను.

తిరువళ్లూరులో ఒక రక్తపరీక్షల ల్యాబ్ ఉండేది. దానికి పదహారు బైకులు. తెల్లవారుతూనే కుర్రవాళ్లు పల్లెలకు వెళ్లి, రక్తం సీసాలను ఐసు పెట్టెలో సర్దుకుని పదకొండు గంటలకల్లా తిరిగి రావాలి. ఆలస్యమైతే రక్తం పనికిరాదు. మేనేజరు శామ్యూల్ మంచివాడే గానీ గడియారం మింగిన మనిషి. టైరు మార్చడానికి బండి ఒక పూట షెడ్డులో నిలబడితే ఆ పూట రెండు ఊళ్ల రోగులకు పరీక్ష లేదని ఆయన బాధ. ఎక్కువ కాలం నడిచే టైరు చెప్పండి సార్ అన్నాడు. నేను ముందూ వెనకా గట్టి రబ్బరు టైర్లే రాసిచ్చాను.

అంతటితో ఊరుకుంటే సగం తప్పే నాది. కుర్రవాళ్లు టైర్లను జాగ్రత్తగా వాడాలంటే ఒక పోటీ పెట్టమని కూడా నేనే చెప్పాను. ఒకే టైరును మార్చకుండా ఎక్కువ దూరం నడిపినవాడికి మరుసటి ఏటి నుంచి ఆయుధ పూజ నాడు బహుమతి. నెలకోసారి నేను వెళ్లి డెప్త్ గేజ్ అనే చిన్న కొలత పుల్లతో టైరు గాడి లోతు కొలిచి పుస్తకంలో రాసేవాణ్ణి. పూజ రోజున బళ్లకు పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, ఆ తర్వాత బహుమతి. వరసగా మూడేళ్లు గెలిచినవాడు మునిరత్నం. తిరుత్తణి వాడు, ముప్పై ఏళ్లుంటాయి, మాట తక్కువ. మొదటి ఏడు కుక్కర్, రెండో ఏడు మిక్సీ, మూడో ఏడు గోడ గడియారం. మూడూ నా చేతుల మీదుగానే ఇచ్చాను. టైరును చూసుకోవడం వీడి దగ్గర నేర్చుకోండి అని మిగతావాళ్లకు ఉపన్యాసం కూడా ఇచ్చాను.

పోటీ నాలుగో ఏడు, తమిళుల ఆడి నెలలో మొదటి వాన పడిన పొద్దున మునిరత్నం పడిపోయాడు. కే.జీ.కండిగై దాటాక మలుపులో ముందు వెళ్తున్న షేర్ ఆటో ఆగితే వీడు బ్రేకు పట్టాడు. ముందు చక్రం జారింది. భుజం ఎముక విరిగింది, ఐసు పెట్టె పగిలింది, ఇరవై ముగ్గురి రక్తం రోడ్డు పాలైంది. వాళ్లందరికీ మళ్లీ సూది గుచ్చాల్సి వచ్చింది. వాళ్లలో ఒక ముసలాయన ల్యాబ్‌కు వచ్చి గలాటా చేశాడట. ల్యాబ్ పై ఆఫీసు నుంచి విచారణ వచ్చింది. అతివేగం అని రాసి మునిరత్నాన్ని కాంట్రాక్టు నుంచి తీసేయడానికి కాగితం సిద్ధం చేశారు. దానికి నా రిపోర్టు జత చేయాలి.

శామ్యూల్ నన్ను పిలిచి, టైరులో లోపం లేదని ఒక్క ముక్క రాస్తే చాలు సార్ అన్నాడు. అతనికి వాడి మీద కోపం లేదు. పై నుంచి ఒత్తిడి, అంతే.

షెడ్డులో బండి చూశాను. గాడి లోతు చట్టం అడిగినదానికి రెండింతలుంది. పైకి చూస్తే దివ్యమైన టైరు. గాలి చూస్తే ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ. బాగా బిగిసిన టైరు తక్కువ అరుగుతుందని కుర్రవాళ్ల లెక్క, కానీ అది రోడ్డును తక్కువ మేర తాకుతుంది కాబట్టి పట్టు తగ్గుతుంది. టైరు పక్కగోడ మీద నాలుగంకెలుంటాయి, తయారైన వారమూ సంవత్సరమూ. అది నేను రాసిచ్చిన మొదటి విడత టైరే. చివరికి డ్యూరోమీటరు పెట్టాను. రబ్బరు గట్టిదనం చెప్పే సాధనం అది. కొత్త టైరు మీద ఉండే అంకెను దాటి ముల్లు చాలా ముందుకు పోయింది. నాలుగేళ్లు ఎండలో నిలబడి ఆ రబ్బరు ఎండిపోయింది. అరగనిది కాబట్టి ఎవరూ మార్చలేదు. ఆ సాధనం మొదటి రోజు నుంచీ నా సంచిలోనే ఉంది. పోటీకి లోతు చాలు కదా అని బయటికి తీయలేదు.

రిపోర్టులో 'నడిపినవారి వాంగ్మూలం' అని ఒక గడి ఉంటుంది. ముప్పై ఏళ్లుగా దాన్ని ఆఫీసు వాళ్లు చెప్పింది విని నింపేవాణ్ణి. ఈసారి తిరుత్తణిలో మునిరత్నం ఇంటికి వెళ్లాను. కుడిచెయ్యి మెడకు కట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. నేను కూర్చోమన్నాను.

వేగంగా వెళ్లావా అని అడిగాను.

"లేదు సార్. నలభై కూడా లేదు. బ్రేకు పట్టినాను, బండి నా చేతిలో లేదు. అవ్వళవుదాన్, అంతే."

అంతకుముందు ఎప్పుడైనా జారిందా అన్నాను. తల దించుకున్నాడు.

"పోయిన ఏడు వానలోనే రెండుసార్లు జారినాది. సబ్బు మీద పోయిన మాదిరి ఉండె."

"మరి మార్చమని చెప్పలేదేం?"

"మారిస్తే లెక్క మళ్లీ సున్నా నించి గదా సార్? మీరే చెప్పినారు. మొదట్లో మాసానికొకసారి మిమ్మల్ని చూస్తే బయంగా ఉండె. తర్వాత మీరు నన్ను అందరి ముందర మెచ్చుకుంటిరి. ఇంక యాడ చెప్పేది?"

గాలి ఎక్కువ పట్టించింది కూడా అందుకేనని ఒప్పుకున్నాడు. మిగతా కుర్రవాళ్లందరూ వాణ్ణి చూసి అదే చేస్తున్నారట.

వాడి భార్య కస్తూరి అంతసేపూ గుమ్మంలో నిలబడి వింటోంది. లోపలికి వెళ్లి కుక్కర్ తెచ్చి నా ముందు నేల మీద పెట్టింది.

"ఇది మీరే తీసుకపోండి సార్. దీంట్లో వండేదానికి బియ్యం ఉంటే గదా. ఈయన వేగంగా పోయే మనిషి గాదని మీకు తెలీదా? తెలిసీ ఊరకుంటారా?"

మునిరత్నం ఆమెను గద్దించబోయాడు. నేను వారించాను. ఆ అమ్మాయి అడిగినదాంట్లో తప్పేమీ లేదు. నాకు సిగ్గేసింది. ఆ మాట దాచుకోవడం ఎందుకు? నా అనుభవంలో అంత సిగ్గుపడ్డ రోజు మరొకటి లేదు.

రిపోర్టు మూడు ప్రతులు. కారణం అనే చోట మూడే గళ్లు: తయారీ లోపం, రోడ్డు, నడిపినవారు. తయారీ లోపం లేదు, నిజం. రోడ్డు తడిగా ఉంది, అది వాన తప్పు. మూడో గడిలో టిక్కు పెడితే నా ఉద్యోగం క్షేమంగా ముగిసేది. ఇంకా పది నెలలే మిగిలింది. తప్పుడు సలహాకు గడి లేదు. టైరు కంపెనీ ఫారంలో అది ఎందుకుంటుంది? నేను మూడు గళ్లూ కొట్టేసి పక్కన ఖాళీలో చేత్తో రాశాను. గట్టి రబ్బరు టైరును ముందు చక్రానికి సూచించినదీ, మార్చకుండా నడపడాన్ని ప్రోత్సహించినదీ కింద సంతకం చేసినవారే అని రాసి, సంతకం చేశాను.

ఆ సాయంత్రం శామ్యూల్ ఫోన్ చేశాడు. "ఏంది సార్, మీ మీద మీరే రాసుకున్నారు?" అన్నాడు. మళ్లీ తానే, "పంపించేస్తాను" అన్నాడు. పంపించాడు కూడా, ఒక్క అక్షరం తగ్గించకుండా.

చెన్నై ఆఫీసు నుంచి నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. కంపెనీకి నష్టం కలిగేలా రాశావేమని ప్రశ్న. జవాబిచ్చాను. ఆ ఏడాది రావాల్సిన జీతం పెంపు రాలేదు. సెండాఫ్ సభలో ఉపన్యాసాలు కాస్త పొట్టిగా ముగిశాయి. మునిరత్నాన్ని తీసేయలేదు. భుజం పూర్తిగా కుదరక మళ్లీ బండి ఎక్కలేకపోయాడు. ఇప్పుడు ల్యాబ్‌లో సీసాలకు పేర్లు అంటించే బల్ల దగ్గర పని చేస్తున్నాడు. పదహారు బళ్లకూ ముందు మెత్తని టైరు, వెనక గట్టిది వేయించాను. అరిగినా అరగకపోయినా ముందు టైరుకు గడువు తేదీ పెట్టి గోడ మీద రాయించాను. పోటీ ఆగిపోయింది. తొందరగా అరిగిపోతున్నాయని కుర్రవాళ్లే మొదట్లో గొణిగారు. అదీ సహజమే.

ఈ సంగతి నుంచి నేను నేర్చుకున్నది ఇది. టైరు ఎన్నాళ్లు వస్తుందని అడిగేవాడు వేరు, దాని మీద కూర్చునేవాడు వేరు. సలహా ఇచ్చేవాడు రెండోవాడి దగ్గరికి ముందు వెళ్లాలి. నేను ఆ షెడ్డుకు నెల తప్పకుండా నాలుగేళ్లు వెళ్లి ప్రతి టైరు లోతూ కొలిచి పుస్తకంలో రాశాను. వానలో బండి ఎట్లా ఉందప్పా అని పదహారు మందిలో ఒక్కణ్ణి కూడా అడగలేదు.