పప్పుకు చెంబెడు నీళ్లు

సత్యనారాయణపేటలో కొత్తగా కట్టిన ఇంటికి కాపురానికి వచ్చిన రోజుల్లో నన్ను ఏడిపించింది కందిపప్పు. బోరు నీళ్లు ఒట్టి ఉప్పు. ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా పప్పు బద్దలు బద్దలుగానే ఉండేది. మావారి చొక్కాలకు పట్టిన గనుల ఎర్రదుమ్ము వదలాలని సబ్బు రుద్దితే నురుగైనా వచ్చేది కాదు. ఆయన ఖనిజం లారీల వెంట రేవుకు పోతే వారం పది రోజులు ఇంటి ముఖం చూసేవారు కాదు. అంత పెద్ద ఇంట్లో నేనూ, ఉడకని పప్పూ!

పక్కింట్లో ఒక అవ్వ ఒక్కతే ఉండేది. చర్చికి తప్ప గడప దాటేది కాదు. ఆమెకు మున్సిపాలిటీ కొళాయి ఉంది, మాకింకా రాలేదు. పొద్దున్నే ప్రహరీ గోడ మీద చెంబెడు మంచినీళ్లు పెట్టి పిలిచేది.

"పాపా, యాడుండావు? పప్పుకు నీళ్లు తీసుకోమ్మా."

ఉడికాక గిన్నెడు పప్పు అదే గోడ మీదుగా అటు పోయేది. ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో బోలెడు మాటలు. నిజం చెప్పొద్దూ, రోజంతటికీ నేను వినే మనిషి గొంతు అదొక్కటే.

గనులు కలిసొచ్చాయి. మావారు ఉప్పునీళ్లను మంచినీళ్లుగా మార్చే మిషన్ తెచ్చి బిగించారు. దానికి మళ్లీ ఉప్పే పోయాలట, ఏం చోద్యమో! పప్పు మాత్రం వెన్నలా ఉడికింది. మర్నాడు అవ్వ చెంబు తేగానే ఆయనే ఎదురెళ్లారు.

"ఇంక నీకెందుకవ్వా శ్రమ? మాకు మిషన్ వచ్చింది."

"హౌదా, అట్లనా? మంచిదేలేప్పా," అని అవ్వ చెంబు వెనక్కి తీసుకుంది.

ఆయన లారీ ఎక్కారు. గోడ మీదికి మళ్లీ చెంబు రాలేదు. పనేమీ లేకుండా పిలవడానికి ఆమెకు మొహమాటం, నాకూ మొహమాటమే. పాడు మొహమాటం! మెత్తటి పప్పు కలుపుకున్న కంచం ముందు కూర్చుని ఏడ్చాను.

ఒక పొద్దున మిషన్ ఆపేసి, బోరు నీళ్లతోనే పప్పు పెట్టి, ఆ ఉడకని పప్పు గిన్నె పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాను. అవ్వ ఒక బద్ద తీసి వేళ్లతో నలిపి చూసింది. అది నలగలేదు.

"మిషన్ చెడిపోయిందా, పాపా?"

"ఊ."

నా ముఖం చూసి, లోపలికి పోయి చెంబు తెచ్చింది.

"రిపేరీకి తొందరేం లేదులే," అంది.

ఆ సాయంత్రం రేవు నుంచి మావారు ఫోన్ చేశారు.

"పప్పు ఉడుకుతాండాదా?"

"ఉడుకుతాండాది," అన్నాను.

"చూస్తివా మరి!" అని సంబరంగా పెట్టేశారు. నువ్వెట్లుండావని అడగలేదు.